నర్సాపురం నుంచి రౌమా దాకా: ఫిన్లాండ్‌లో నెల రోజుల ఆర్ట్ రెసిడెన్సీ, నా అనుభవం

నేను తిరిగొచ్చి నెలన్నర దాటింది. ఇప్పటికీ రోజుకి ఒకరైనా ఫోన్ చేసి అడిగేవి రెండే, ఎంత ఖర్చయింది, వీసా ఎలా వచ్చింది అని. అందరికీ విడివిడిగా చెప్పలేకపోతున్నాను కాబట్టి మొదటి నుంచీ తేదీలతో సహా రాసేస్తున్నా. మన గోదారి జిల్లాల నుంచి ఎవరైనా ఇలాంటి వాటికి అప్లై చేద్దామనుకుంటే పనికొస్తుంది.

మాది నర్సాపురం పక్కన ఊరు. ప్రైవేట్ స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మా ఇంట్లో లేసు పని మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంది. అమ్మ, పిన్ని, ఎదురింటి అక్క ముగ్గురూ మధ్యాహ్నం వంట పని అయ్యాక అరుగు మీద కూర్చుని అల్లుతారు. నాలుగేళ్ళ నుంచి నేను గోదారి పాయల బొమ్మలు గీస్తున్నాను, గౌతమి ఎటు తిరిగింది, వశిష్ఠ ఎక్కడ విడిపోయింది, మా కాలవలు, బోదెలు అన్నీ. ఆ గీతల్ని బట్టి వాళ్ళు లేసు అల్లుతారు. అన్నిటికన్నా పెద్దది ఆరడుగుల పొడుగుంటుంది, అదొక్కటే అమ్మకి నాలుగు నెలలు పట్టింది.

2024 డిసెంబర్‌లో ఒక ఫ్రెండ్ వాట్సాప్‌లో లింకు పంపింది. ఫిన్లాండ్‌లో రౌమా అనే ఊళ్ళో జూలై అంతా రెసిడెన్సీ, అంటే అక్కడే ఉండి మన కళ పని చేసుకోవడం, దారంతో, బట్టతో పని చేసే ఆర్టిస్టులకి. రౌమా అంటే ఏంటో నాకు తెలీదు, వెతికితే అది కూడా లేసు ఊరే అని తెలిసింది, 1700ల నుంచీ అక్కడ ఆడవాళ్ళు లేసు చేస్తున్నారంట, ప్రతి ఏడాదీ జూలై చివర్లో లేసు వారం అని పండగ కూడా జరుపుతారు. అది చదివేక ఇంక ఆగలేకపోయేను.

అప్లికేషన్‌కి జనవరి 31 ఆఖరు. పది ఫోటోలు, 300 మాటల్లో నా పని గురించి ఇంగ్లీషులో, ఒక సీవీ. ఫీజు లేదు. ఫోటోలు మా డాబా మీద పొద్దున్న ఏడింటికి తీశాం, తెల్ల లేసు కింద నల్ల దుప్పటి పరిచి, అన్నయ్య ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని. ఎండ ఎక్కితే అల్లికలో కన్నాలు కనపడవు, ఇది రెండు రోజులు పాడుచేసుకున్నాక తెలిసింది.

మార్చి 14న మెయిల్ వచ్చింది, షార్ట్‌లిస్ట్ అయ్యారు, వీడియో కాల్ అని. మార్చి 21న కాల్. ఇద్దరు ఆడవాళ్ళు, చాలా నెమ్మదిగా మాట్లాడేరు, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పేరు. అన్నీ బానే చెప్పేను గానీ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయేను. ఫోటోల్లో పెద్ద లేసు చూపించి, ఇది ఎవరి చేతి పని అని అడిగేరు. నేను అప్లికేషన్‌లో అంతా నా పేరే రాసుకున్నాను. బొమ్మ నాది, అల్లింది అమ్మ, అంచులు పిన్ని, అక్క అని చెప్పేను. సరే, వాళ్ళ పేర్లు కూడా పంపండి, ప్రదర్శనలో పెడతాం అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దారం ఇచ్చి లేసు తీసుకెళ్ళే ఏజెంటు పుస్తకంలో అమ్మ పేరు ఎప్పుడూ ఉండదు, ఇన్ని రీళ్ళు ఇచ్చాం, ఇన్ని పీసులు వచ్చాయి అని ఉంటుంది, పైన నాన్న పేరు ఉంటుంది. నేను చేసింది కూడా అదే కదా అనిపించింది.

ఏప్రిల్ 2న సెలక్ట్ అయ్యారని ఖాయం చేసేరు. గది, పని చేసుకునే చోటు వాళ్ళవే, తిండికి 400 యూరోలు, దారి ఖర్చులకి 500 యూరోల దాకా ఇస్తారు, కానీ ఆ దారి ఖర్చులు తిరిగొచ్చి బిల్లులు పంపేకే. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి, డబ్బులు ఇస్తారు అంటే ముందే ఇస్తారని కాదు. ముందు మన జేబులోంచే పెట్టుకోవాలి.

నాకు పాస్‌పోర్టే లేదు. ఏప్రిల్ 4న ఆన్‌లైన్‌లో 1500 కట్టి, 11న భీమవరం పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్. అక్కడ గంటన్నరలో అయిపోయింది, నేను ఎంతో భయపడ్డాను గానీ. 19న పోలీసు వెరిఫికేషన్, ఇద్దరు పక్కింటివాళ్ళ సంతకాలు, 28న పోస్టులో చేతికొచ్చింది. సెలక్ట్ అయ్యాక మొదలుపెట్టడం తప్పు, అప్లై చేసే రోజే పాస్‌పోర్ట్ పని కూడా మొదలుపెట్టండి. ఆ 24 రోజులు వీసా స్లాటు కూడా తీసుకోలేక చేతులు కట్టుకుని కూర్చున్నా.

డబ్బు సంగతి. టికెట్‌కి, వీసాకి కలిపి లక్ష దాకా కావాలి. నా దగ్గర ముప్ఫై ఉన్నాయి. అమ్మ డ్వాక్రా గ్రూపులో మాట్లాడి 60 వేలు లోను తీసింది, నన్ను అడక్కుండానే. మిగతాది అన్నయ్య సర్దేడు. అయితే ఆ 60 వేలు ఒక్కసారే నా అకౌంట్లో పడేసరికి బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో అది కొట్టొచ్చినట్టు కనపడింది. వీసా వాళ్ళకి ఉన్నట్టుండి పడిన డబ్బంటే అనుమానం అని ఒకాయన చెప్తే, గ్రూపు తీర్మానం కాపీ, లోను కాగితం, దాని కింద ఇంగ్లీషులో నాలుగు లైన్ల వివరం కలిపి పెట్టేను. ఆ కాగితాల గురించి తర్వాత ఎవరూ ఏం అడగలేదు.

మే 14 రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళేను, 15 పొద్దున్న పదింటికి వీసా సెంటర్లో స్లాట్. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) ఫీజు 90 యూరోలు, మన డబ్బుల్లో ఎనిమిదిన్నర వేల పైమాటే, సర్వీస్ చార్జీలు మళ్ళీ వేరే. ఇన్సూరెన్స్ 30 వేల యూరోల కవరేజీ ఉండాలి, నెలకి 2300 అయింది. ఫోటో మామూలు పాస్‌పోర్ట్ సైజు పనికిరాదు, 36 బై 47 మిల్లీమీటర్లు, వెనక తెలుపు.

అక్కడ కౌంటర్లో అమ్మాయి నా ఇన్విటేషన్ లెటర్ చదివి, ఉండే ఖర్చు ఎవరిదో ఇందులో రాయలేదు, ఇలా అయితే కష్టం అంది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అప్పుడు ఫిన్లాండ్‌లో పొద్దున్న ఏడున్నర, మనకీ వాళ్ళకీ వేసవిలో రెండున్నర గంటలు తేడా. బయట మెట్ల మీద కూర్చుని మెయిల్ కొట్టేను. పదకొండున్నరకి కొత్త లెటర్ వచ్చేసింది, గది, తిండి, తేదీలు అన్నీ రాసి సంతకంతో. పరిగెత్తి జిరాక్స్ కొట్లో ప్రింటు తీసుకుని వెళ్తే, ఇవాళ్టి టైం అయిపోయింది రేపు రండి అన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. ఆ రాత్రి లాడ్జిలో 900 కట్టి పడుకున్నా, స్కూల్లో ఇంకో రోజు లీవు. 16న తీసుకున్నారు, వేలిముద్రలు, ఫోటో అయ్యాయి. అందుకని మీకు లెటర్ రాగానే చూసుకోండి, మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఖర్చు ఎవరిది, అడ్రసు, సంతకం. ఒక్కటి లేకపోయినా అప్పుడే అడగండి.

రూల్ ప్రకారం 15 రోజులు, ఎక్కువలో ఎక్కువ 45 రోజులు పట్టొచ్చు. నాకు జూన్ 9న పాస్‌పోర్ట్ తిరిగొచ్చింది. ఆ 24 రోజులూ నేను స్కూల్ సెలవుల్లో ఇంట్లోనే ఉన్నా, కొరియర్ బండి శబ్దం వినపడితే చాలు గుమ్మంలోకి పరిగెత్తడమే. అమ్మ ఏం మాట్లాడేది కాదు, ఇంకో రెండు వరసలు అల్లేది. కవరు చింపి వీసా స్టిక్కర్ చూపిస్తే ముందు చెయ్యి చీరకి తుడుచుకుని అప్పుడు పట్టుకుంది.

వీసా రాకుండా టికెట్ కొనలేదు, రిజర్వేషన్ మాత్రమే పెట్టేను. అది మంచిదే కానీ మేలో 62 వేలున్న టికెట్ జూన్ 10కి 78,400 అయింది, హైదరాబాద్ నుంచి దోహా మీదుగా హెల్సింకి.

ఇంక సర్దుకోవడం. పాలతో, మాంసంతో చేసినవి బయట దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు, అంచేత అమ్మ కాచిన నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేశా. పళ్ళకి కూడా సర్టిఫికెట్ అడుగుతారు, కానీ ఐదు రకాలకి అక్కర్లేదు, అనాస, అరటి, ఖర్జూరం, దురియన్, ఇంకోటి కొబ్బరికాయ! అది చదవగానే అన్నయ్య మా దొడ్లోవి రెండు కాయలు పీచు తీసి ఇచ్చేడు. చేతి సంచిలో వద్దంటారని పెద్ద బ్యాగులోనే పెట్టేను. లేసు సూదులు స్టీలువి కదా, సెక్యూరిటీలో తీసేసుకుంటారేమో అని అవీ పెద్ద బ్యాగులోనే. ఆఖరికి ఆ ఆరడుగుల లేసు కూడా అమ్మ పాత చీరలో చుట్టి పెద్ద బ్యాగులోనే పెట్టేశాను. ఈ ప్రయాణం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే.

జూలై 1 మధ్యాహ్నం హెల్సింకిలో దిగితే నా బ్యాగు రాలేదు. బెల్టు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయింది. కౌంటర్లో ఫారం రాసిచ్చేరు, రెండు మూడు రోజుల్లో వస్తుంది అన్నారు, ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోయేరు. అమ్మ నాలుగు నెలల పని. ఫోన్ చేసి అమ్మకి చెప్పడానికి ధైర్యం చాల్లేదు, క్షేమంగా చేరేను అని మాత్రం చెప్పి పెట్టేశాను. అక్కణ్ణించి రౌమాకి బస్సులో దాదాపు నాలుగు గంటలు, దారంతా అడివే, నాకు ఏం కనపడలేదు, ఏడుస్తూనే ఉన్నా. చేతి పని ఏదైనా సరే చేతి సంచిలో పెట్టుకోండి, బట్టలు పోతే కొనుక్కోవచ్చు.

రెసిడెన్సీ ఇంటికి వెళ్ళేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఎండ ఇంకా మన సాయంత్రం ఐదింటికున్నట్టుంది. పదకొండింటికి గానీ సూర్యుడు దిగలేదు, దిగినా చీకటి పడలేదు. చీకటి పడితే అన్నం తిందాం అని కూర్చుంటే ఆ రోజు తినలేం. కిటికీలకి మందం నల్ల కర్టెన్లు ఉంటాయి, మొదటి రోజే వేసుకోండి. నేను మూడు రాత్రులు నిద్రలేక పిచ్చెక్కిపోయేను.

మర్నాడు చేతిలో సూది లేదు, దారం లేదు. మా రెసిడెన్సీ ఇల్లు చూసుకునే ఆవిడ, అరవై దాటి ఉంటాయి, నా ముందు ఒక దిండు తెచ్చి పెట్టింది. గట్టిగా గడ్డి కూరిన గుండ్రటి దిండు, దాని మీద కన్నాలు పొడిచిన అట్ట కాగితం, చుట్టూ వేలాడుతున్న చిన్న చిన్న కర్ర పుల్లలు, ఒక్కోదానికి దారం చుట్టి ఉంది. మన లేసు ఒక్క సూదితో అల్లేది, వాళ్ళది ఈ పుల్లలతో. చూస్తే నలభై పుల్లలు, కళ్ళు తిరిగేయి. కానీ ఆవిడ చూపించింది ఏంటంటే ఎన్ని పుల్లలున్నా చేతిలోకి తీసుకునేది నాలుగే, చేసేది రెండే, ఒకదాని మీంచి ఒకటి దాటించడం, మెలితిప్పడం. ఆ పైన గుండుసూది గుచ్చడం. నాలుగు గంటలు కూర్చుంటే బొటనవేలంత పట్టీ వచ్చింది. కర్రలు ఒకదానికొకటి తగిలి టకటకమని సన్నగా చప్పుడు. బ్యాగు గురించి ఆ నాలుగు గంటలూ గుర్తు రాలేదు. నా బ్యాగు టైముకి వచ్చుంటే నా సూది నేను పట్టుకుని నా మూల నేను కూర్చునేదాన్నేమో.

జూలై 3 సాయంత్రం బ్యాగు ఇంటికే తెచ్చిచ్చేరు. లేసు చీరలో చుట్టింది చుట్టినట్టే ఉంది. కాయలు కూడా పగల్లేదు. అప్పుడు అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేను. "పోతే మళ్ళీ అల్లేదాన్నే, నువ్వు అన్నం తిన్నావా" అంది.

మేం ఆరుగురం, కొరియా నుంచి కాగితం దారం చేసే అమ్మాయి, మెక్సికో నుంచి మగ్గం నేసే ఆయన, మిగతా వాళ్ళు యూరప్ వాళ్ళు. పొద్దున్న ఎవరి పని వాళ్ళది, శుక్రవారం రాత్రి ఒక్కొక్కరు వండి వాళ్ళ ఊరి గురించి చెప్పాలి. ఫిన్లాండ్ వాళ్ళు ఎక్కువ మాట్లాడరు. మొదటి వారం నా మీద కోపమేమో అనుకున్నా, కాదు, పక్కన ఊరికే కూర్చోవడం కూడా వాళ్ళకి కబుర్లు చెప్పుకోవడం లాంటిదే. తిండికి నేను పడ్డ భయం అక్కర్లేకపోయింది, రై అనే ధాన్యం పిండి రొట్టెలో అన్నం పాలల్లో ఉడికించి పెట్టి కాల్చే ఒకటుంది, దాని మీద మా ఆవకాయ వేసుకుని నెల అంతా పొద్దున్న అదే తిన్నా. కుళాయి నీళ్ళే తాగొచ్చు. ఖాళీ సీసాలు, డబ్బాలు పారేయకండి, సూపర్ మార్కెట్‌లో మిషన్‌లో వేస్తే డబ్బులు వెనక్కిస్తారు. దోమలు ఉంటాయని మాత్రం ఎవరూ చెప్పలేదు, అడివి వైపు వెళ్తే మన చేల గట్ల మీద కన్నా ఎక్కువ.

చలి దేశం అని 3200 పెట్టి జాకెట్ కొనుక్కెళ్ళాను, మొదటి వారమే పనికొచ్చింది. రెండో వారం నుంచి అక్కడ ఎండలు. 2025 జూలై రెండో వారం నుంచి ఫిన్లాండ్‌లో వరసగా 22 రోజులు దేశంలో ఎక్కడో ఒకచోట 30 డిగ్రీలు దాటింది, వాళ్ళకది ఎప్పుడూ లేని వడగాడ్పు. ఇళ్ళు వేడిని లోపల పట్టి ఉంచేలా కట్టినవి, ఫ్యాన్లు ఉండవు. కొరియా అమ్మాయికి కళ్ళు తిరిగితే నేను తువ్వాలు తడిపి కిటికీకి కట్టేను, మజ్జిగలో ఉప్పేసి ఇచ్చేను. మన దగ్గర అందరికీ తెలిసినదే. మర్నాడు అన్ని గదుల కిటికీలకీ తడి దుప్పట్లు కట్టి ఉన్నాయి.

ఒక సాయంత్రం ఆ పెద్దావిడ నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళింది. ఇసక లేదు, ఏనుగు వీపుల్లాంటి నున్నటి రాతి బండలు, అల కూడా పెద్దగా లేదు. నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు సరిగా లేదు, మన సముద్రంలో ఉండేదాంట్లో ఆరో వంతు ఉంటుందేమో. నేల చూపించి, ఇదంతా ఒకప్పుడు నీళ్ళే, ఇక్కడ నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది అంది. ఎప్పుడో మంచు యుగంలో ఆ నేల మీద కిలోమీటర్ల మందం మంచు ఉండేదట, ఆ బరువు కరిగిపోయాక నేల ఇప్పటికీ లేస్తూనే ఉందట. సముద్రం వెనక్కి పోతుంటే రేవుని కూడా దాని వెనకే జరుపుకుంటూ వచ్చారట. నాకు మాట రాలేదు. మా అంతర్వేది వైపు ఏడాదికేడాది సముద్రం ముందుకొచ్చి కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోతుంటే చూస్తూ పెరిగినదాన్ని. ఆవిడకి ఫోన్‌లో ఆ ఫోటోలు చూపించేను. చాలాసేపు చూసి, ఫోన్ తిరిగిచ్చేసి, నా చెయ్యి పట్టుకుంది. తెచ్చిన కాయ ఒకటి ఆ బండ మీద కొట్టి చెరో చెక్క తిన్నాం.

నా శుక్రవారం జూలై 18. పులిహోర చేశాను, నిమ్మకాయలు ఒక్కోటి మన డబ్బుల్లో యాభై పైన పడింది. తర్వాత అమ్మకి వీడియో కాల్. మన టైం రాత్రి తొమ్మిదిన్నర, అరుగు మీద లైటు కింద అమ్మ, పిన్ని, అక్క, కొత్త చీరలు కట్టుకుని. గోదారికి ఎర్రనీరు వచ్చిందని పిన్ని ముందు ఆ కబురు చెప్పింది. తర్వాత అమ్మ సూది తీసి మొదలెట్టింది, ఫోన్ అక్క పట్టుకుని చేతికి దగ్గరగా పెట్టింది. స్క్రీన్ నిండా అమ్మ ఎడమ చూపుడు వేలే. దారం ఒరుసుకుని ఒరుసుకుని ఆ వేలి పక్కన సన్నటి గాడి ఉంది, నలభై ఏళ్ళ గాడి. నేను రోజూ చూసే చెయ్యే, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. రెసిడెన్సీ ఇంటి పెద్దావిడ ఏం మాట్లాడకుండా తన వేళ్ళు స్క్రీన్ ముందు పెట్టింది. గుండుసూదులు నొక్కి నొక్కి ఆవిడ బొటనవేలి కొస గట్టిపడి పసుపచ్చగా ఉంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ "అయ్యో, మీకూనా" అంది తెలుగులోనే.

జూలై చివర్లో లేసు వారం. పాత రౌమా అంటే దాదాపు 600 చెక్క ఇళ్ళ ఊరు, 1991 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆ ఇళ్ళ ముందు, దొడ్ల లోపల ఆడవాళ్ళు దిండ్లు పెట్టుకుని కూర్చుని లేసు చేస్తుంటారు, జనం నిలబడి చూస్తుంటారు. నల్ల లేసు రాత్రి అని ఒక రోజుంది, ఆ రాత్రి బాగా పొద్దుపోయేదాకా కొట్లు తీసే ఉంటాయి. మా ప్రదర్శన ఒక పాత గిడ్డంగిలో. గోదారి లేసు పైనుంచి వేలాడదీసి వెనక దీపం పెట్టేరు, గోడ మీద పాయలన్నీ నీడగా పడ్డాయి. పక్కన పేర్ల కార్డు. నేను ఇచ్చిన వరస ప్రకారం అమ్మ పేరు, పిన్ని పేరు, అక్క పేరు, వాటి కింద గీసింది అని నా పేరు. ఇద్దరు ముగ్గురు కొంటామని అడిగేరు, అమ్మలేదు. చిన్నవి నాలుగు అమ్మేను, 160 యూరోలు వచ్చాయి, ముగ్గురికీ పంచేశా.

ఆగస్టు 1న బయల్దేరి 3 పొద్దున్న నర్సాపురంలో దిగేను. బిల్లులు ఆ వారమే పంపేను, బోర్డింగ్ పాసులు పారేయకండి, అవి కూడా అడిగేరు. ఆగస్టు 27న డబ్బులు పడ్డాయి, బ్యాంకు చార్జీలు పోను 49,800. మొత్తం లెక్క చూస్తే పాస్‌పోర్ట్, వీసా, ఇన్సూరెన్స్, టికెట్, హైదరాబాద్ తిరుగుడు, బట్టలు కలిపి లక్షా రెండు వేలు, వచ్చింది పోను నా చేతి నుంచి 52 వేలు. తిండికిచ్చిన 400 యూరోల్లో 310 తిండికి, మిగతాది బస్సులకి సరిపోయింది. స్కూల్లో జూలై జీతం ఇవ్వలేదు, అది వేరే. డ్వాక్రా లోను ఇంకా ఎనిమిది వాయిదాలుంది.

వచ్చే ఏడాదికి అప్లై చేసేవాళ్ళుంటే నా లెటర్లు, నేను రాసుకున్న ఇంగ్లీషు స్టేట్‌మెంటు చూపిస్తాను, కాపీ కొట్టకండి, ఎలా రాయాలో తెలుస్తుంది.

మొన్న సెప్టెంబర్ 11న ఫిన్లాండ్ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల ఆ పెద్దావిడ చేసిన వేలెడు లేసు పట్టీ, దానితో పాటు ప్రదర్శనలో పెట్టిన పేర్ల కార్డు. వాళ్ళ అక్షరాల్లో పేర్లు, కింద నేను రాసిచ్చినట్టే తెలుగులో కూడా. అమ్మ తెలుగు అక్షరాలు ఒక్కోటి కూడబలుక్కుని చదివింది. పిన్నిని పిలిచి చదివింది, అక్కని పిలిచి మళ్ళీ చదివింది. తర్వాత బీరువా తీసి బ్యాంకు పుస్తకాలు, రేషను కార్డు ఉండే రేకు డబ్బాలో పెట్టి, మూత వెయ్యబోయి మళ్ళీ తీసి, లేసు పట్టీ ఏ వరస ఎటు పోయిందో చూద్దాం సూది పట్రా అంది.